అమ్మవారి బిళ్ళ ఎంత?

అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళను అమ్ముకోవచ్చా, పాపమా అని నన్ను చాలామంది అడిగారు. అడిగి, నేను నోరు తెరిచేలోపే గొంతు తగ్గించి, "అమ్మితే ఎంతొస్తుందండీ?" అంటారు. రెండు ప్రశ్నలూ ఒకే ఊపిరిలో వస్తాయి. రెండోదానికి జవాబు క్యాటలాగులో దొరుకుతుంది. మొదటిదానికి క్యాటలాగు లేదు. చిక్కేమిటంటే, అడిగేవాళ్ళ మనసులో ఈ రెండూ విడివిడిగా ఉండవు. అమ్మవారు ఉంది కాబట్టి ఎక్కువ రావాలని ఒక లెక్క, ఎక్కువ వస్తుంది కాబట్టి అమ్మడం పాపమేమోనని ఒక భయం.

నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లోనే ఇల్లు. నోట్లకంటే చిల్లరంటేనే మొదటినుంచీ మోజు. కౌంటర్ మూసేశాక సంచిలో వింత బిళ్ళ ఏదైనా కనబడితే, జేబులోంచి అంతే డబ్బు అందులో వేసి దాన్ని తీసుకునేవాణ్ణి. ఇప్పుడు హుండీ తెరిచే రోజున గుడివాళ్ళు కబురు పెడతారు, వెళ్తాను. అక్కడ ఏ బిళ్ళ నచ్చినా చేసేదేమీ లేదు, మార్పిడి కూడా కుదరదు. చూసి కుప్పలో పోయడమే. ఒక విధంగా అది మంచి శిక్షణ.

ముందు బిళ్ళ సంగతి. శ్రీ మాతా వైష్ణోదేవి పుణ్యక్షేత్ర బోర్డు 1986లో ఏర్పడింది. దాని రజతోత్సవానికి గుర్తుగా 2012 సంవత్సరం వేసి ఐదు రూపాయలవీ పది రూపాయలవీ నాణేలు తెచ్చారు. ఐదు రూపాయలది పసుపు వన్నె నికెల్ ఇత్తడి, ఆరు గ్రాముల బరువు, 23 మిల్లీమీటర్ల వెడల్పు. పదిది రెండు లోహాలది, 27 మిల్లీమీటర్లు. ఒకవైపు మూడు సింహాలు, ఇంకోవైపు అమ్మవారు, చుట్టూ బోర్డు పేరు, కింద సంవత్సరం. ఎవరో దాచుకోవడానికి కొట్టినవి కావు ఇవి. బ్యాంకుల ద్వారా బజారులోకి వదిలినవి. అందుకే బాగా తిరిగిన ఐదు రూపాయల బిళ్ళకు ఈ రోజుకీ ఐదు రూపాయలే. సంచిలోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తుంటే సేకర్తలు ఇంకాస్త ఇస్తారు, అదీ పదుల్లోనే. టంకశాలవాళ్ళు పెట్టెలో పెట్టి అమ్మిన ప్రూఫ్ సెట్ల లెక్క వేరు. అవి ఎవరి పోపుల డబ్బాలోంచీ బయటపడవు.

ఇలాంటి నాణేన్ని గుర్తుపట్టడంలో సగం పని సంవత్సరం కింద ఉంటుంది. అక్కడ చిన్న వజ్రం గుర్తుంటే ముంబై, నక్షత్రముంటే హైదరాబాదు, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. హైదరాబాదు నక్షత్రం కనబడితే నాకు కాస్త మమకారం. సైఫాబాద్ మింట్ కాంపౌండులో 1903లో మొదలైన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. గుర్తు లేకపోవడమే దాని గుర్తు.

ఈ కోల్‌కతా బిళ్ళ చేతిలోకి వచ్చినప్పుడల్లా నాకు మీమాంసా శాస్త్రకారుడు కుమారిలభట్టు గుర్తొస్తాడు. ఒక వస్తువు కనబడకపోవడం కూడా జ్ఞానానికి ఒక దారేనని, దాన్ని అనుపలబ్ధి అనాలని ఆయన మార్గంవాళ్ళైన భాట్ట మీమాంసకులు ఒప్పుకున్నారు. కుండ అక్కడ లేదని మనకు తెలిసేది ఆ కనబడకపోవడం వల్లనే. అయితే దానికొక షరతు ఉంది. ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడకపోతేనే లేదనాలి. చీకట్లో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు. నాణెం విషయంలో ఇది అక్షరాలా వర్తిస్తుంది. అంచులు పదునుగా, అంకెలు నిక్కచ్చిగా ఉన్న బిళ్ళ మీద గుర్తు లేకపోతే అది కోల్‌కతాది. అరిగిపోయి 2012లో రెండు అంకెలు కష్టంగా కనబడే బిళ్ళ మీద గుర్తు లేకపోతే, ఆ నక్షత్రం ఎవరి జేబులో అరిగిపోయిందో ఎవరు చెప్పగలరు? "గుర్తు లేదు, కాబట్టి ఇది అరుదు" అని ఫోన్‌లో వీడియోలు పెట్టేవాళ్ళకు ఈ షరతుతో పని లేదు. మీమాంస తెలియకపోతే ఏం నష్టమని అడిగేవాళ్ళకు ఇది చూపిస్తుంటాను.

మా వీధి మలుపులో ఇడ్లీ బండి నడిపే ఆవిడ ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది. కొంగుముడి విప్పి, "బాబాయిగారూ, ఇది కాస్త చూసి పెట్టండి" అని బిళ్ళ నా చేతిలో పెట్టింది. భూతద్దం కింద పెట్టాను. అమ్మవారి ముఖం నున్నగా అయిపోయింది, ముక్కూ కిరీటమూ కలిసిపోయాయి. నాగరి అక్షరాల సందుల్లో పసుపు గట్టిపడి ఉంది. గుండ్రంగా, ఒకే దిశలో సన్నటి గీతలు: చింతపండూ బూడిదా పెట్టి తోమిన గుర్తులు. మామూలు చలామణిలో అరిగిన బిళ్ళ ఇలా ఉండదు. దానికి అడ్డదిడ్డంగా దెబ్బలుంటాయి, అంచు మీద నొక్కులుంటాయి. ఇది ఇంట్లోనే అరిగింది.

"పూజలో పెడుతున్నావా?"

"అవునండీ. వచ్చిన కాణ్ణించీ లక్ష్మీదేవి పటం కిందే. ప్రతి శుక్రవారం తోమి, పసుపు రాసి బొట్టు పెడతానండి. మొన్న మా అల్లుడు ఫోన్‌లో వీడియో చూపిస్తే అందులో ఉన్న నంబరుకు చేయించాను. మూడు లక్షలన్నాడండీ ఆయన. ముందు రిజిస్ట్రేషన్‌కని రెండు వేలు కట్టమన్నాడు."

"కట్టావా అమ్మా?"

"మిమ్మల్ని అడిగి కడదామని ఆగానండి."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తోమకుండా ఉంటే పది ఇరవై ఎక్కువ పలికేదేమో, ఇప్పుడు ఐదు రూపాయలేనన్నాను. ఆవిడ కాసేపు బిళ్ళ వంక చూసి, "మరి ఇన్నాళ్ళు పూజ చేశాను కదండీ, దానికేం కలవదా?" అంది.

అక్కడే ఆగిపోయాను. బజారు మాట చెప్పాలంటే, కలవకపోగా పోతుంది. సేకర్త కంటికి ప్రతి శుక్రవారమూ ఒక నష్టం. లోహం మీద కాలం పరిచిన సన్నటి పొరను ఆవిడ వారం వారం ఊడదీసింది. ఆవిడ చేతుల్లో అది భక్తి. రెండూ ఒకే రుద్దుడు. అభిషేకాలకు అరిగిన శివలింగాన్ని చూసి విలువ తగ్గిందని ఎవరైనా అంటారా? నాణెం మీద మాత్రం నేను ఆ మాటే అన్నాను. అన్నందుకు చింత లేదు, అడిగింది ధర కాబట్టి ధరే చెప్పాను. కానీ ఆవిడ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నాణేన్ని చూసే చూపుల గురించి బాగా చెప్పినవాడు ఐదో శతాబ్దపు బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడు. ఆయన మన తెలుగు దేశంవాడని కొందరు పండితుల వాదన. శ్రీలంకలో కూర్చుని రాసిన విసుద్ధిమగ్గలో, షరాబు బల్ల మీద పోసిన నాణేల కుప్పను ముగ్గురి చేత చూపిస్తాడు. పసిపిల్లవాడికి రంగూ ఆకారమూ బొమ్మలూ కనబడతాయి. వీటితో సరుకు వస్తుందని తెలియదు. పల్లెటూరి మనిషికి అదీ తెలుసు, కానీ ఏది మంచిదో ఏది కల్తీయో తెలియదు. షరాబు చూసి, మోగించి, వాసన చూసి, నాలుకకు తగిలించి, అరచేతిలో తూచి, ఇది ఫలానా ఊళ్ళో ఫలానా పనివాడు కొట్టిందని చెప్పేస్తాడు. గుర్తుపట్టడం, తెలుసుకోవడం, ప్రజ్ఞ — ఈ మూడింటికీ తేడా చెప్పడానికి ఎత్తిన ఉపమానం ఇది. ధ్యానం గురించిన పుస్తకంలో ప్రజ్ఞకు పోలికగా షరాబును నిలబెట్టినందుకు, వృత్తిరీత్యా ఆయనంటే నాకు గౌరవం. సంవత్సరం కింద గుర్తు వెతికే ప్రతివాడూ ఆ బల్ల ముందు కూర్చున్నవాడే.

ఇడ్లీ బండావిడ ఈ ముగ్గురిలో ఎవరు? పిల్లవాడు కాదు, ఐదు రూపాయలకు ఎన్ని ఇడ్లీలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు. షరాబూ కాదు. కుప్పలోంచి ఒక బిళ్ళ తీసి పటం కింద పెట్టి, దానితో ఇక సరుకు కొనకూడదని నిర్ణయించుకున్న మనిషి ఆవిడ. ఆ నిర్ణయంతో బిళ్ళ బజారులోంచి బయటికొచ్చింది. ఎవరో మూడు లక్షలనగానే మళ్ళీ బజారులోకి అడుగు పెట్టబోయింది, అదీ పూజ చేసిన పుణ్యాన్ని ధరలో కలుపుకుని. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. భక్తురాలి చూపు షరాబు చూపుకంటే తక్కువదీ కాదు, ఎక్కువదీ కాదు. ఒకదాని లెక్క ఇంకోదానిలో వేసినప్పుడే మోసగాడికి దారి దొరుకుతుంది. ముత్యపుచిప్పలో వెండిని చూసే మనిషి గురించి వేదాంతులు ఎప్పుడూ చెబుతుంటారు. ఆ మనిషి కళ్ళు చెడ్డవి కావు, వెండి అనేది ఉండటమూ అబద్ధం కాదు. వేరేచోట ఉన్న వెండిని తెచ్చి చిప్ప మీద పెట్టుకున్నాడు, అంతే. పూజలో ఉన్న విలువను తెచ్చి అంగడి ధర మీద పెడితే అదే జరుగుతుంది.

ఈ రెండూ కలవకుండా చూసిన పద్ధతి ఒకటి తిరుమలలోనే కనబడింది. హుండీలో పడే చిల్లర గుట్టలను తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడుతుంటే, 2021లో దేవస్థానంవాళ్ళు వంద రూపాయల విలువైన చిల్లరను ప్యాకెట్టు కట్టి, పసుపు కుంకుమలతో ధన ప్రసాదమని ఇవ్వడం మొదలుపెట్టారు. వందకు వందే. సాక్షాత్తూ వడ్డికాసులవాడి హుండీలోంచి వచ్చిన బిళ్ళ, అయినా ఒక్క పైసా ఎక్కువ లేదు. చాలామంది దాన్ని ఇంట్లో దాచుకుంటారు, ఖర్చుపెట్టినా ఎవరూ తప్పుపట్టరు. స్వామి చేతి మీదుగా వచ్చిందని రేటు కట్టి ఉంటే అది వేరే వ్యాపారమయ్యేది.

దేవుడి బొమ్మ డబ్బు మీద ఉండొచ్చా అన్న వాదన ఇటీవలిది. వెనకటివాళ్ళకు ఈ సందేహమే లేదు. ముహమ్మద్ ఘోరీ ఉత్తరదేశం గెలిచాక అక్కడి గాహడవాల రాజుల పద్ధతిలోనే కూర్చున్న లక్ష్మీదేవితో బంగారు నాణేలు వేయించాడు, వెనకవైపు నాగరిలో తన పేరుతో. కృష్ణదేవరాయల వరహాల మీద బాలకృష్ణుడున్నాడు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొట్టిన పగోడా మీద ఒకవైపు విష్ణుమూర్తి, ఇంకోవైపు నక్షత్రం. కంపెనీ దొరలకు విష్ణుభక్తి పుట్టిందని ఎవరూ అనుకోలేదు. కళ్ళకు అలవాటైన బొమ్మ ఉంటేనే అంగడి నాణేన్ని నమ్ముతుంది, ఘోరీ లెక్క కూడా అదే. అంటే నాణెం మీది దేవుడు పూజకోసం వచ్చినవాడు కాడు, పూచీకోసం వచ్చినవాడు.

మన రోజుల్లో అదే బొమ్మ అనుమానాలకు దారితీసింది. 2006 ప్రాంతంలో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ మీద ఒకదాన్నొకటి అడ్డంగా దాటే గీతలుండేవి. భిన్నత్వంలో ఏకత్వమని ప్రభుత్వం ఉద్దేశం, శిలువ అని కొందరి ఆరోపణ. 2007లో చేతివేళ్ళ ముద్రల నాణేలు వచ్చి దాని చోటు తీసుకున్నాయి. తంజావూరు బృహదీశ్వరాలయం, వైష్ణోదేవి బొమ్మల నాణేలు లౌకికత్వానికి విరుద్ధమని వేసిన పిటిషన్‌ను 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కోర్టు తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. అయితే నా కారణం వేరు. ప్రాణప్రతిష్ఠ జరగనిది అర్చామూర్తి కాదని ఆగమమే చెబుతుంది. క్యాలెండరు మీద, అగరొత్తుల ప్యాకెట్టు మీద, పెళ్ళి శుభలేఖ మీద రోజూ దేవుణ్ణి చూస్తూనే ఉన్నాం. వైష్ణోదేవి బిళ్ళ చేపల బజారుకూ వెళ్తుంది, సారా కొట్టుకూ వెళ్తుంది. చలామణికని కొట్టిన నాణేనికి అంటు లేదు. కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: అమ్మొచ్చు, ఖర్చుపెట్టొచ్చు, పూజలోనూ పెట్టుకోవచ్చు. వీటిలో ఏదీ పాపం కాదు.

పాపం ఇంకోచోట ఉంది. నాకు తెలిసిన డీలర్ ఒకాయనతో దీని మీద తరచూ తగువు పడుతుంటాను. మన నాణేన్ని పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టి పట్టుకుని పక్కకు తిప్పితే, వెనక బొమ్మ కూడా నిటారుగానే కనబడాలి. తలకిందులుగానో ఒరిగిపోయో కనబడితే అచ్చు తిరిగిపోయినట్టు. అలాంటి తప్పు నాణేనికి సేకర్తల్లో నిజంగానే గిరాకీ ఉంది. ఒక కుర్రాడు మామూలు బిళ్ళ అనుకుని ఇలాంటిది తెస్తే, దాని ముఖవిలువ ఇచ్చి తీసుకోవడం తప్పా? డీలర్ మాట ఇది: "నా చదువు నా పెట్టుబడి. ఏళ్ళ తరబడి నేర్చుకున్నది ఊరికే చెప్పమంటారేంటండీ? డాక్టరు ఫీజు తీసుకోడా?"

తీసుకుంటాడు. ఫీజు తీసుకుని జబ్బు చెబుతాడు, దాచిపెట్టి పంపించడు. భారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి, జుట్టులో పిట్టలు గూళ్ళు కట్టేంత కదలకుండా తపస్సు చేసి, తనంతవాడు లేడనుకుంటాడు. ధర్మం తెలియాలంటే కాశీలో అంగడి పెట్టుకున్న తులాధారుడి దగ్గరికి పొమ్మంటారు అతన్ని. ఆ వర్తకుడు చూపించిన గొప్ప అల్లా, తన త్రాసు అందరికీ ఒకటే అన్నది. అతను సరుకు ఊరికే పంచిపెట్టలేదు, లాభం వద్దనీ అనలేదు. డీలరుకు డీలరు ఎదురుపడ్డప్పుడు ఎవరి కన్ను చురుకైతే వాడిదే బేరం, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ "ఇదేంటో చూసి చెప్పండి" అని అడిగి ఒకడు చెయ్యి చాపాక, చెప్పకుండా కొనడం తూకంలో మోసమే. నాణేల వ్యాపారంలో బల్ల మీద కనబడే త్రాసు లేదు కనుక ఈ మోసం పట్టుబడదు, అంతే తేడా. ఆ డీలర్ ఇంకా ఒప్పుకోలేదు. నేనూ వదల్లేదు.

ఇక అసలు దొంగల సంగతి. వీళ్ళకు నాణెం కూడా అక్కర్లేదు. ఆంజనేయుడో లక్ష్మీదేవో బొమ్మతో, 1818 సంవత్సరంతో, కంపెనీ అణా పేరిట జాతరల్లో అమ్మే బిళ్ళలు కంపెనీ ఎప్పుడూ కొట్టనివి. బియ్యపు గింజలను లాక్కునే రాగి బిళ్ళ అంటూ మన రెండు రాష్ట్రాల్లోనూ నడిచే రైస్ పుల్లింగ్ మోసం ఎన్ని కుటుంబాలను ముంచిందో పేపరు చదివేవాళ్ళకు తెలుసు. వైష్ణోదేవి బిళ్ళకు లక్షలు ఇస్తామనేవాళ్ళు ఆ బాపతే. మోసం ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తుంది: ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ, తర్వాత రిజర్వ్ బ్యాంకు అనుమతి అని ఒక లెటరు, దాని మీద ముద్ర. పాత నోట్లు, నాణేల కొనుగోళ్ళకు తన పేరుతో ఎవరూ కమీషనుగానీ పన్నుగానీ వసూలు చేయకూడదని, తాను ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఒక్క సంగతి గమనిస్తే చాలు. నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

మీ ఇంట్లో అలాంటి బిళ్ళ ఉంటే తోమకండి, ఎండలో పెట్టి ఫొటోలు తీసి ముక్కూ మొహం తెలియని నంబర్లకు పంపకండి. నాణేల ప్రదర్శన జరిగినప్పుడు తీసుకెళ్ళి ఇద్దరు ముగ్గురు డీలర్లకు విడివిడిగా చూపించండి. ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి ఉంటే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.